మూడో కప్పు దాకా

నాకు అక్షరాలు నలభై ఏడో ఏట వచ్చాయి. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేదాన్ని. ఉద్యోగ పరీక్షలకు కోచింగ్ తీసుకునే పిల్లలు అందులో ఉండేవారు. మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక వాళ్ళలో ఎవరో ఒకరు నన్ను కూర్చోబెట్టి దిద్దించేవారు. ఒక పిల్ల ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే ఇంకో పిల్ల అందుకునేది. అట్లా ఐదేళ్ళు గడిచాక, వాళ్ళే పట్టుబట్టి నా చేత ఓపెన్ స్కూల్లో పదో తరగతికి దరఖాస్తు పెట్టించారు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, అడిస్ అబాబా చూసిన రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా తలలో ఉన్నది ఆ పరీక్షే.

అడిస్ అబాబా ఇథియోపియా దేశానికి రాజధాని. నా కూతురు, అల్లుడు అక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెబుతారు. కూతురి పురుడు ఎల్బీ నగర్‌లో మా ఇంట్లోనే పోశాం. పాప ఆరో నెలలో వాళ్ళు తిరిగి వెళ్ళారు. మొదట అల్లుడి తల్లి వెళ్ళి మూడు నెలలుండి వచ్చింది. జనవరిలో నా వంతు వచ్చింది. మార్చి చివరికి నా తిరుగు టికెట్. ఏప్రిల్‌లో పరీక్ష.

వచ్చి రెండు నెలలైనా ఇల్లు, పాప తప్ప ఏమీ చూడలేదని, మార్చి మొదట్లో ఒక శనివారం కూతురు గైడ్‌ను మాట్లాడింది. పాపను ఆ రోజు తాను చూసుకుంటానన్నాడు అల్లుడు. గైడ్‌కు అరవై ఏళ్ళుంటాయి, తలంతా నెరిసింది. పాత నీలం రంగు కారు ఆయన సొంతం. ఆయన ఇంగ్లీషులో చెబితే నా కూతురు తెలుగులో నాకు చెప్పేది.

కారు కదిలిన కాసేపటికే కూతురు టికెట్ మాట ఎత్తింది.

"అమ్మా, నీ టికెట్ జులైకి మార్పిస్త. ఇయ్యాల సాయంత్రం ఆరింటి దాకే మార్చుకోనిస్తరట. ఊరు చూసుకుంట ఒకసారి ఫోన్ చేసి చెప్తే అయిపోతది."

"జులై దాకనా?"

"మరి? పాప నడక నేర్వొద్దా? నువ్వుంటే నాకు ధైర్యం. అయినా ఎల్బీ నగర్ల నీకిప్పుడేం పనున్నది? హాస్టల్ పని కూడ బంద్ చేస్తివి."

"మీ నాయిన ఉన్నడు గద."

"నాయినకు వండుకునుడొస్తది. నువ్వే నేర్పినవ్."

నేను కిటికీలోంచి బయటకు చూశాను. పదో తరగతి మాట రెండేళ్ళ కింద ఫోన్‌లో ఆమెకు ఒకసారి చెప్పాను. "ఈ వయసుల కలెక్టరైతవా ఏంది?" అని నవ్వింది. మనసు నొప్పించాలని అన్న మాట కాదది. కానీ ఆ తర్వాత నేను ఆ సంగతి ఎత్తలేదు, ఆమె మరిచిపోయింది.

మొదట ఎంటోటో అనే కొండ మీదికి వెళ్ళాం. అక్కడ పాత రాజు కట్టుకున్న ఇల్లుంది. ప్యాలెస్ అంటే మన చార్మినార్ దగ్గరి ప్యాలెస్ లాంటిది ఊహించుకున్నాను. ఇది మట్టి గోడలకు సున్నం కొట్టిన ఇల్లు, కర్ర దూలాలు. మా నల్గొండ వైపు దొర గడి దీనికంటే పెద్దది. రాజు ఈ కొండ మీద చలిలో ఉండేవాడట. రాణికి మాత్రం కింద వేడి నీళ్ళ ఊటలున్న చోటు నచ్చింది. అక్కడే ఇల్లు కట్టించమని అడిగి, ఆ చోటుకు 'కొత్త పువ్వు' అని పేరు పెట్టింది. వాళ్ళ భాషలో అడిస్ అబాబా అంటే అదే.

"రాణి కిందికి పోదామంటే రాజు ఇన్నడా?" అని అడిగాను.

కూతురు అడిగి వచ్చి చెప్పింది. "రాజే కాదంట, ఊరంత ఇన్నదంట."

కొండ నిండా జామాయిల్ చెట్లు. వంటచెరకు చాలక వేరే దేశం నుంచి తెప్పించి నాటించారట. ఆ కట్టెలు మోపులు కట్టి వీపున వేసుకుని, నడుం వంచి ఆడవాళ్ళు దిగుతున్నారు. పెళ్ళికి ముందు నేనూ మోశాను, కానీ నెత్తిన. వీపు మీద అంత పొడుగు మోపు ఎట్లా నిలుస్తుందో చూద్దామని ఒకామె వెనకాలే నాలుగు అడుగులు వేశాను. ఆమె ఆగి నన్ను చూసి, మోపు కింద పెట్టి, తాడు ఎక్కడ బిగించాలో చూపించింది. భుజాల మీదుగా తెచ్చి రొమ్ము దగ్గర ముడి. మాటలు లేకుండానే అర్థమైంది.

తర్వాత మ్యూజియం. అద్దాల పెట్టెలో ఒక ఆడమనిషి ఎముకలు పరిచి ఉన్నాయి. లక్షల ఏళ్ళ నాటివి. ఇవి నకలు, అసలువి లోపల భద్రంగా ఉన్నాయని గైడ్ చెప్పాడు. ఎత్తు మూడున్నర అడుగులు. మా పక్కింటి పిల్ల రెండో తరగతిలో అంతే ఉంటుంది.

"మనందరికి నానమ్మ అంటున్నడు" అంది కూతురు.

"ఎవరన్న పెట్టిపోషించిన్రా, ఒక్కతే చచ్చిపోయిందా?"

"నీకేమో అన్నీ గిట్లాంటి డౌట్లే వస్తయమ్మా. ఎవరికి తెలుస్తది?" అని నవ్వి, అయినా ఆయన్ను అడిగింది. ఎవరికీ తెలియదన్నాడు.

మధ్యాహ్నం తిన్నది పెద్ద అట్టు లాంటి ఇంజెరా. పుల్లగా ఉంది. వంటామెను అడిగిస్తే, పిండి మూడు రోజులు పులియబెడతామంది. ఒక పక్కే కాల్చి, తిరగెయ్యరు. తింటూ గైడ్ వాళ్ళ జనం గురించి చెప్పాడు. తమను తాము హబెషా అని చెప్పుకుంటారట. "మా దగ్గర హబ్సిగూడ ఉన్నదని చెప్పు" అన్నాను. నిజాం కొలువులో ఈ దేశాల వైపు నుంచి వచ్చిన హబ్షీ సిపాయిలుండేవారని, ఆ పేటకు పేరు వాళ్ళ వల్లే వచ్చిందంటారని హాస్టల్ పిల్లలు బట్టీ పడుతుంటే విన్నాను. కూతురు నా వైపు చూసింది. "నేను ఉప్పల్ బస్సుల రోజూ పోయిన గా రూట్ల. ఎన్నడూ అనుకోలే" అంది. గైడ్ ఆ పేరును రెండుసార్లు పలికి, చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

ఇదంతా బాగానే ఉంది. కానీ కూతురు ఫోన్ తీసిన ప్రతిసారీ టికెట్‌ కోసమే అనుకునేదాన్ని. ఆమె ఇంటికి ఫోన్ చేసి పాప పాలు తాగిందా, పడుకుందా అని అడిగేది, అంతే. నేను చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు. పాపను వదిలి పరీక్షకు పోతానంటే వినేవాళ్ళకు ఎట్లా ఉంటుంది? నాకే బాగాలేదు.

చివరికి గైడ్ మమ్మల్ని తన చెల్లెలి ఇంటికి తీసుకెళ్ళాడు. ఊరు చూడటం కాఫీతో ముగియాలట. నేల మీద పచ్చి గడ్డి పరిచి ఉంది. ఆ చెల్లెలు పీట మీద కూర్చుని పచ్చి కాఫీ గింజలను పెనం మీద వేయించింది. పొగ వస్తున్న పెనం తెచ్చి ఒక్కొక్కరి ముఖం దగ్గర పెట్టి వాసన చూపించింది. దంచి, పొడుగు మెడ ఉన్న మట్టి కూజాలో కాచింది. చెవి లేని చిన్న కప్పులు. అదే పొడి మీద మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోసి మూడు విడతలు ఇస్తారు. మూడో కప్పును బరకా అంటారట, అంటే దీవెన. మలక్‌పేట మార్కెట్లో తొలి బేరం కాగానే డబ్బులు కళ్ళకద్దుకుని బర్కత్ అంటారు, అది గుర్తొచ్చింది. మూడోది తాగకుండా లేస్తే ఇంటివాళ్ళకు చిన్నతనం.

"గంటన్నర పడుతదంట. అయిదు కావస్తుంది. ఈడికెల్లే ఫోన్ చేస్తలే" అంది కూతురు.

మొదటి కప్పు చిక్కగా, చేదుగా ఉంది. గోడ మీద అద్దం కట్టిన కాగితం ఒకటి, దాని పక్కన రంగు వెలిసిన అక్షరాల పటం కనిపించాయి. ఆ కాగితమేమిటని అడిగించాను. గైడ్ లేచి వెళ్ళి అద్దాన్ని చేత్తో తుడిచాడు.

అది ఆయన తల్లిదట. ఆయన బడిలో ఉన్న రోజుల్లో ప్రభుత్వం చదువుకునే పిల్లలను పంపి పెద్దవాళ్ళకు అక్షరాలు చెప్పించింది. ఆయన తన తల్లికీ, వాడకట్టులో ఇంకో పదిమందికీ చెప్పాడు. తల్లి పరీక్ష రాసి ఆ కాగితం తెచ్చుకుంది. ఆ తర్వాత బస్సులో ఎక్కడికి పోయినా బోర్డులన్నీ పైకి చదివేదట. సిగ్గుతో ఈయన వెనక సీటుకు పోయేవాడట.

కూతురు పకపకా నవ్వింది. "మా అమ్మ గూడ గంతే. మెట్రో ఎక్కితే ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాక ఒక్క బోర్డు వదలది" అని నాతో అని, ఇంగ్లీషులో ఆయనకు చెప్పింది. ఆయన ఏదో అడిగాడు. నవ్వుతూనే నా వైపు తిరిగింది.

"నీ సర్టిఫికెట్ ఏ గోడకున్నది అంటున్నడమ్మా."

"లేదని చెప్పు. పోయినేడే రావాల్సుండె."

"ఏం సర్టిఫికెట్?"

"టెన్త్‌ది."

రెండో కప్పు చేతికొచ్చింది. ఆమె తాగలేదు.

"నువ్వు నిజంగ ఫీజు కట్టినవా?"

"రెండుసార్లు కట్టిన. పోయినేడు హాల్‌టికెట్ గూడ వచ్చింది. తెలుగు పరీక్ష నాడే నిన్ను దవాఖానకు తీస్కపోయినం."

ఆ రోజు పొద్దున ఆటోలో నా చెయ్యి పట్టుకుని గోళ్ళు గుచ్చిన సంగతి ఆమెకూ గుర్తుండే ఉంటుంది.

"నాకెందుకు చెప్పలే?"

"నొప్పులు పడేటోళ్ళకు హాల్‌టికెట్ చూపిస్తరా?"

"తర్వాతనన్న చెప్పొద్దా?"

"ముందుగాల్నే చెప్పిన. కలెక్టరైతవా అన్నవ్."

గైడ్‌కు మాటలు అర్థం కాకపోయినా ముఖాలు అర్థమయ్యాయి. లేచి వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. చెల్లెలు తల వంచుకుని నిప్పులు సర్దుతోంది.

"అక్టోబర్ల మళ్ళ పెడ్తరు గద పరీక్ష" అంది కూతురు, కొంచెం గట్టిగానే. "పాపకు ఇప్పుడు నువ్వు కావాలె. నాకు కావాలె."

"అక్టోబర్ల ఇంకోటి ఏదో వస్తది బిడ్డా. నువ్వు రమ్మంటే నేను మళ్ళ వస్త. వద్దనుడు నాకు రాదు. గందుకే ఈసారి ముందే చెప్తున్న."

అన్నాక కప్పు కింద పెట్టాను. ఆమెకు కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో నాకు తెలియలేదు. ముఖం పక్కకు తిప్పుకుని అక్షరాల పటం వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత ఫోన్ తీసింది. టికెట్ ఆఫీసుకేననుకున్నాను. అల్లుడికి చేసింది.

"పాపేం చేస్తుంది?... రెండుసార్లే ఏడ్చిందా?... కిచిడి నువ్వే పెట్టినవా?... తిన్నదా?"

ఫోన్ ఒళ్ళో పెట్టుకుని తనలో తాను లెక్కేసుకున్నట్టు మాట్లాడింది. "క్యాంపస్‌ల పిల్లల్ని చూసుకునే సెంటర్ల ఏడాది నిండితే తీసుకుంటరు. ఏప్రిల్‌ల నిండుతది. గంతవరకు ఆయన క్లాసులు పొద్దున్నకు మార్చుకుంటే, నేను మధ్యాహ్నం..." అక్కడ ఆగింది. "పాపను ఎవరికీ ఇయ్యనని నేనే మొండికేసిన. గదే తప్పు."

"తప్పు కాదు. తల్లివి."

చెల్లెలు మూడో కప్పు పోసింది. చాలా పలచగా ఉంది, తియ్యగా ఉంది. గైడ్ లోపలికి వచ్చి తనదీ తీసుకున్నాడు. ఆ దేశంలో గంటలు తెల్లవారినప్పటి నుంచి లెక్కపెడతారు. అందుకని ఆయన చేతి గడియారంలో పన్నెండైంది, కూతురి ఫోన్‌లో ఆరు. ఆమె ఫోన్ వైపు చూసి, దాన్ని బ్యాగులో వేసి, కప్పు ఖాళీ చేసింది.

కారులో వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. కొంతదూరం పోయాక, "ఏ సబ్జెక్టుకు భయమైతుంది?" అని అడిగింది.

"లెక్కలు."

"పుస్తకం తెచ్చినవా?"

"సూట్‌కేస్‌ల అడుగున, చీరల కింద ఉన్నది."

"దాచిపెట్టినవ్" అంది.

నేను బయల్దేరే దాకా మూడు వారాలు రోజూ సాయంత్రం పాపను ఒళ్ళో పెట్టుకుని నాకు లెక్కలు చెప్పింది. ఓపిక తక్కువ. తప్పు చేస్తే, "అమ్మా, నీ దిమాగ్ ఎటు పోయింది?" అనేది. చిన్నప్పుడు ఎక్కాలు రాకపోతే వాళ్ళ నాయన ఆమెను అట్లాగే అనేవాడు. నాకు రావు కాబట్టి నేను ఏమీ అనేదాన్ని కాదు.

ఏప్రిల్‌లో పరీక్ష రాశాను. మొదటి రోజు గేటు దగ్గర, పిల్లలతో వచ్చినవాళ్ళు బయటే ఉండాలని నన్ను ఆపారు. హాల్‌టికెట్ చూపించాను. లెక్కల్లో ముప్పై ఎనిమిది వచ్చాయి.