కనకరత్నంగారి ఆగిపోయిన పాట

గంజి ఆరని కొత్త నేతచీర వాసన తగిలితే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. బట్టల కొట్టువాళ్ల ఆడపడుచుకి చీరంటే భయమేమిటని వాళ్ల ఆశ్చర్యం. వాళ్లెవరూ కనకరత్నంగారిని చూడలేదు.

బెజవాడలో ఏలూరు కాలువ పక్కన మా ఎదురింట్లో ఉండేవారు ఆవిడ. ఆ రోజుల్లో ఆవిడ గ్రామఫోను ప్లేట్లు మోగని కాఫీ హోటలు ఉండేది కాదు. నాకు పాట నేర్పింది ఆవిడే. నేను పిన్నిగారూ అనేదాన్ని. భర్త పోయి ఒంటరిగా ఉన్నా, ఎవరికీ జంకకుండా మద్రాసు వెళ్లి పాడి వచ్చేవారు. యుద్ధకాలంలో అలాగే వెళ్లి, జైలుకు పోయిన కొడుకు కోసం తల్లి పాడే పాటొకటి రికార్డు చేసి వచ్చారు. నమూనా ప్లేటు చేతికి వచ్చింది గాని, ప్లేటు మాత్రం బజారులోకి రాలేదు. సర్కారుకు కోపం వస్తుందని కంపెనీవాళ్లు ఆపేశారు. ప్లేట్లు పోసే అసలు అచ్చు కూడా కరిగించేశారని ఎవరో చెప్పారట.

క్విట్టిండియా గొడవలు మొదలయ్యాక మా వీధిలో సోదాలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం పిన్నిగారు చూసి ఏరుకుంటారని మా కొట్టు నుంచి చీరల మూట తీసుకువెళ్లాను. అప్పటికే పోలీసులు వీధి మొదట్లో ఉన్నారు. ఆవిడ ఆ నమూనా ప్లేటును రెండు చేతులా పట్టుకుని, రుబ్బురోలు ముందు నిలబడి ఉన్నారు. పగలగొట్టబోతున్నారని అర్థమైంది. ఏమీ ఆలోచించకుండా ప్లేటు లాక్కుని చీరల మడతల్లో దూర్చి, మూట కట్టి గడప దాటాను.

మా ఇల్లు నాలుగు అంగల దూరమే. సరిగ్గా రోడ్డు మధ్యలో ఇనస్పెక్టరు ఆపాడు.

"ఏమిటమ్మా ఆ మూట?"

"చీరలండి. మా నాన్నగారి కొట్టువండి. ఆవిడకి నచ్చలేదండి."

అతను పైచీర అంచు వేళ్లతో నలిపి చూశాడు. ఆ గంజి వాసన నా ముక్కుకు కొట్టింది. ప్లేటు అంచు నా పొట్టకు ఒత్తుకుంటోంది. ఊపిరి తీస్తే కదులుతుందేమోనని బిగబట్టాను. మంగళగిరి నేతా అని అడిగాడు. తల ఊపాను. పొమ్మన్నాడు. మా అమ్మ ప్లేటు చూసి, దాన్ని బియ్యం గాదెలో పెట్టింది.

మర్నాడు పిన్నిగారు వచ్చి అమ్మ చేతులు పట్టుకున్నారు. "నా పాట కోసం నీ పిల్ల ప్రాణం మీదికి తెచ్చాను. వద్దని అరవాల్సింది. భయంతో నోరు పెగల్లేదు," అన్నారు. ఆ తర్వాత ఆవిడ మళ్లీ మద్రాసు వెళ్లలేదు. వీధిలో బూట్ల చప్పుడైతే పాఠం మధ్యలోనే శ్రుతిపెట్టె ఆపేసేవారు. ఆవిడ కంఠం రోజురోజుకీ చిక్కిపోవడం నేను పక్కన కూర్చుని విన్నాను.

స్వరాజ్యం వచ్చాక కంపెనీ మనిషి వచ్చాడు. అచ్చు గోడౌనులో భద్రంగానే ఉందట, ప్లేటు విడుదల చేస్తారట. మేం దాచింది వాళ్లకు అవసరమే పడలేదు. పిన్నిగారు సంతోషించకపోగా, ఇంకా ఎవరైనా వచ్చి ఆ పాట గురించి అడుగుతారేమోనని తలుపు గడియ వేసుకున్నారు.

పాట బజారులోకి వచ్చిన రోజున బతిమాలి ఆవిడను కాఫీ హోటలు దాకా తీసుకువెళ్లాను. లోపల కప్పుల చప్పుడు తగ్గింది. ఆవిడ నా మణికట్టును నొప్పెట్టేలా పట్టుకుని చివరిదాకా విన్నారు.

"ఎంత ధైర్యంగా పాడారో పిన్నిగారూ," అన్నాను.

"ధైర్యమా? మైకు ముందు కాళ్లు నిలవలేదే. గోడకు ఆనుకుని పాడాను," అన్నారు.

తర్వాత నేనూ పాడాను, కొన్నేళ్లు కచేరీల్లో, చాలా ఏళ్లు బడిపిల్లల ముందు. భయం నన్ను ఏనాడూ వదల్లేదు. అది పోయాక పాడదామని మాత్రం నేనెప్పుడూ ఆగలేదు.