మూడు చుక్కల కత్తి

దేవవ్వ ఆ మంగలి కత్తిని పాత రుమాలులో చుట్టి తెచ్చింది. మెట్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనక కైలాసం కటింగ్ షాపులో అప్పుడే జనం పలచబడ్డారు.

“అన్నా, ఇల్లు విప్పుతుంటె అటక మీద రేకుడబ్బల దొరికింది. పిలగాడు జగిత్యాలల షాపు తెరుస్తుండు గదా, గోడకు పెడుదమని. జర బాగుజేసియ్యి. మీ దోస్తుకు మాత్రం చెప్పకు, ఆ దినమే చూడాలె.”

దోస్తు అంటే ఆమె మొగుడు భూమన్న. అతనూ కైలాసమూ కలిసే పని నేర్చుకున్నారు, కైలాసం తండ్రి నాగయ్య దగ్గర.

కత్తి చూస్తే పనికొచ్చేలా లేదు. మశూచి ముఖంలా అంతా గుంటలే. పదునుండే నోట్లో ఒకచోట పెచ్చు లేచిపోయింది. సాన మిషను మీద పెడితే వేడికి ఉక్కు చెడుతుందని కైలాసం చేత్తోనే మొదలుపెట్టాడు. మూడు రోజులు కిరోసిన్‌లో నానబెట్టి, గరుకు కాగితంతో ఒక్కో వేలెడు రుద్దుకుంటూ వచ్చాడు. నాలుగో రోజు పిడి దగ్గర మూడు గుంటలు మిగిలాయి. ఎంత రుద్దినా పోవు. తుప్పు గుంటలే అనుకున్నాడు. కానీ తుప్పు అలా వరుసగా, సమానమైన ఎడంతో తినదు.

నాగయ్యకు చదువు రాదు. తన కత్తి మీద గుర్తు కోసం కమ్మరితో మూడు చుక్కలు కొట్టించుకున్నాడు.

కైలాసం చెయ్యి ఆగిపోయింది. వంతు కోసం కుర్చీలో ఉన్నాయన “ఏమైందే?” అని అడిగినా వినిపించలేదు.

కైలాసానికి పందొమ్మిదేళ్లప్పుడు ఆ కత్తి మాయమైంది. ఆ వారమే అతను కొండగట్టు పోయి కొత్త అంగీతో వచ్చాడు. కత్తి అమ్మి కొన్నాడని నాగయ్య తీర్మానించుకున్నాడు. బజారులో పదిమంది ముందు కొట్టాడు. అంతటితో పోతే బాగుండేది. చనిపోయేదాకా కొడుకు చేత గడ్డం గీయించుకోలేదు. పద్నాలుగేళ్లు ఆ గడ్డం భూమన్నే గీశాడు.

దెబ్బలు తిన్న సాయంత్రం కాలువ గట్టున భుజం మీద చెయ్యేసి ఓదార్చిందీ భూమన్నే. “నువ్వు తియ్యలేదని నాకు తెల్సురా” అన్నాడు. లోకంలో ఒక్కడైనా నమ్మాడు కదా అని కైలాసం ఆ మాట పట్టుకునే ఇన్నేళ్లూ బతికాడు.

అయినా పని ఆపలేదు. సానరాయి మీద నోరు వెంట్రుకవాసి వెనక్కి తెచ్చి పెచ్చు పోగొట్టాడు. లోతు గుంటలు కొన్ని ఉండిపోయాయి. తోలు పట్టా మీద నూరి, మణికట్టు మీద పెట్టి చూస్తే వెంట్రుకలు రాలాయి. అప్పుడు షాపు మూసి, మిట్టమధ్యాహ్నం నడుచుకుంటూ భూమన్న ఇంటికి పోయాడు.

భూమన్న కొత్త గోడకు నీళ్లు పడుతున్నాడు. కైలాసం రుమాలు విప్పగానే చేతిలో పైపు జారింది.

“నేనే తీసిన. కిందవడి నోరిరిగింది” అన్నాడు. “మీ బాపుకు భయపడ్డ. రెండు దినాలాగి ఇద్దమనుకున్న. గంతల నిన్ను కొట్టిండు. ఇగ ఎట్ల చెప్పాలె? చెప్తె నన్ను ఎల్లగొడ్తుండె.”

“నన్ను ఎల్లగొట్టలేదారా? ఇంట్లనే ఉంచి ఎల్లగొట్టలేదా?”

భూమన్న వంగి పైపు తీసి గోడకు ఆనించాడు.

“బాపు పోయేటప్పుడు మంచం పక్కన నువ్వే గూసున్నవ్. అప్పుడన్న చెవుల ఓ ముక్క చెప్తె ఏంబోతుండెరా?”

“గన్నేండ్లాయె... నీకు యాది లేదనుకున్న.”

కైలాసానికి ఆ మాట కత్తి పోవడం కన్నా ఎక్కువ తగిలింది. కత్తిని రుమాలులో చుట్టుకుని వెనక్కి తిరిగాడు. లోపలినుంచి అంతా విన్న దేవవ్వ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కత్తి ఇమ్మని అడగలేదు.

ఇంటికొచ్చి తల్లి రామవ్వ ఒడిలో కత్తి పెట్టాడు. ఆమెకు ఎనభై దాటాయి, చూపు ఆనదు. వేలితో తడిమి మూడు చుక్కల దగ్గర ఆగింది.

“యాడ దొరికిందిరా?”

“భూమన్న ఇంట్ల.”

ముసలామె వేలు అక్కణ్నుంచి కదలలేదు. “కత్తి పోయిన దినం గూడ నీ పక్కన గూసుండవెట్టి వానికి అన్నం వెట్టిన గదరా. ఇంకో ముద్ద తినమని బతిలాడిన. నేను గూడ నిన్నే అనుమానించిన బిడ్డా. ఎన్నడు నోటితోని అనలే గని” అంది.

కైలాసం లేచి బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు.

జగిత్యాల షాపు ప్రారంభానికి పోలేదు. ఆ తర్వాత భూమన్న రెండుసార్లు వచ్చి షాపు ముందు నిలబడ్డాడు. రెండుసార్లూ కైలాసం ఎవరికో గడ్డం గీస్తూ ఉన్నాడు. చేస్తున్న పని మీంచి తల ఎత్తలేదు.