రొయ్యలు ఏరేసిన వంకాయ కూర

రాజాంలో నేను అద్దెకుంటున్న గదికి సరిగ్గా కింద ఇంటివాళ్ల వంటగది. ఎండు రొయ్యలు పెనం మీద పడిన నిమిషంలోనే వాసన మెట్లెక్కి నా తలుపు సందులోంచి లోపలికొస్తుంది: ముందు ఉప్పు, తర్వాత కాస్త మాడిన పెంకు, ఆ వెనక చింతపండు పులుపు. నోరూరించే వాసనే, కాదనను. నేను లేచి ఆ సందులో గుడ్డ కుక్కేస్తాను. పోయిన ఆదివారం ఇంటావిడ గిన్నె పట్టుకుని పైకే వచ్చింది. నాకు రొయ్య పడదని గదిలో దిగిన రోజే చెప్పాను, ఆ తర్వాత మరో రెండుసార్లు చెప్పాను.

“రొయ్యలన్నీ ఏరీసి తెచ్చాను తమ్ముడూ. ఉట్టి వంకాయే. తినీ, ఏటవదు.”

ఇదే మాట, ఇదే కూర, ఇరవై ఏళ్ల కింద నన్ను దాదాపు చంపేశాయి. ఆవిడకు ఆ సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక, దణ్ణం పెట్టి గిన్నె వెనక్కిచ్చేశాను.

మాది నరసన్నపేటకు బండి మీద ముప్పావుగంట దూరంలో సముద్రం ఒడ్డు ఊరు. నాన్న, చిన్నాన్న వేటకు వెళ్లేవారు. మా మామ్మ, అంటే నాన్న తల్లి, రొయ్యలు ఎండబెట్టి సంతలకు మోసుకెళ్లేది. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, ఆ చుట్ట తియ్యకుండానే బేరమాడగలదు, తిట్టగలదు, అవసరమైతే ఏడవగలదు కూడా. చలికాలం వస్తే ఇళ్లకూ అలలకూ మధ్య ఇసకంతా ఎర్రటి దుప్పటి పరిచినట్టు రొయ్యలే. ఎండిన వాటిని గోనెసంచిలో పోసి మూతి కడితే, పెంకు రాలడానికి పిల్లలం వంతులేసుకుని దానిమీద గెంతేవాళ్లం. మాకు అంతకు మించిన ఆట లేదు. అందరూ నవ్వుతూ దిగేవారు, నేను మాత్రం తుమ్ముతూ, కళ్లు వాచి, ఈల వేస్తున్న గుండెలతో దిగేవాణ్ణి.

ఇక తిండి. మా ఇంట్లో రొయ్య పడని కూర ఏదీ అని ఒకసారి లెక్కపెట్టడానికి కూర్చున్నాను. వంకాయలో, ఆనపకాయలో, గోంగూరలో, ములక్కాడలో, చివరికి మామిడికాయ పప్పులో కూడా రొయ్యే. రొయ్యలు లేని రోజున రొయ్యపొట్టు, అంటే దంచగా మిగిలిన పొడి, చిటికెడు జల్లేవారు. ఆ పొడిని ఎవరూ రొయ్య కింద లెక్కేసేవారు కాదు. మావాళ్ల దృష్టిలో రొయ్యంటే మీసాలతో కంటికి కనిపించేది. కనిపించనిది రుచి మాత్రమే.

తిన్న పది నిమిషాలకు నా పెదాలు దురదపెట్టేవి, మెడ మీద దద్దుర్లు లేచేవి, కడుపు మెలితిప్పేది. చేపలు తింటే ఏమీ అయ్యేది కాదు. కవళ్లు, కోనాం, మెత్తళ్లు ఎన్ని తిన్నా హాయిగా ఉండేవాణ్ణి. దానితో ఇంట్లోవాళ్లకు నామీద అనుమానం ఇంకా పెరిగింది. మామ్మ దిష్టి అంది. నాన్న వేడి అన్నాడు. చిన్నాన్న బడి ఎగ్గొట్టే వేషం అన్నాడు. అమ్మ దద్దుర్లు అణుగుతాయని నామీద గొంగళి కప్పి, నిండు వేసవిలో చెమటలు కారేలా కూర్చోబెట్టేది.

ఆరో తరగతిలో నేనొక నోటుబుక్కు పెట్టాను. ఎడమవైపు తిన్నవి, కుడివైపు ఒంట్లో జరిగినవి. రొయ్య పూర్తిగా మానేసినా నెలరోజులపాటు పొద్దున్నే కడుపునొప్పి, నోటి దురద. రాగులతో కాచిన చోడి అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఇవి తప్ప పొద్దున నేను తినేదేమీ లేదు. ఉల్లిపాయ మానేశాను, మిరపకాయ మానేశాను. నొప్పి తగ్గలేదు. సైన్సు మాస్టారు నేర్పినట్టు ఒక్కొక్కటీ తీసేస్తూ పోయినా లెక్క తేలకపోతే పదకొండేళ్ల కుర్రాడికి వచ్చే చిరాకు ఎలాంటిదో మీరు ఊహించుకోవచ్చు.

ఆ ఏడు గంగమ్మ సంబరం. ఒడ్డున పెద్ద బానల్లో వంకాయ, రొయ్య కలిపి వండి, వేటకెళ్లే ఇళ్లవాళ్లందరూ ఒకే బంతిలో కూర్చుని తినడం మా ఊరి కట్టుబాటు. నేను తినకపోతే గంగమ్మ తల్లికి కోపం వస్తుందని మామ్మ భయం. నా ఆకు ముందు కూర్చుని ఒక్కొక్క రొయ్యనూ తన వేళ్లతో ఏరి అవతల పెట్టింది.

“సూడు, ఒక్కటుంటే సెప్పు. ఉట్టి వంకాయే.”

“పులుసులో ఉంటాది కదే మామ్మా!”

“పులుసులో ఏటుంటాదిరా? పులుసే ఉంటాది. తినీ, అందరూ సూస్తన్నారు.”

నాలుగు ముద్దలు తిన్నాను. ఐదో ముద్ద దిగలేదు. నాలుక లావైంది, గొంతులో ఎవరో పిడికిలి బిగించినట్టయింది, మాట రాలేదు, బంతి మొత్తం పక్కకు ఒరిగిపోతున్నట్టు కనిపించింది. వేషం అన్న చిన్నాన్నే నన్ను ఎత్తి బండి మీద వేశాడు. వెనక మామ్మ పట్టుకుని కూర్చుంది. ముప్పావుగంట దారిలో నాకు ఒకటే ధ్యాస, తర్వాతి ఊపిరి వస్తుందా రాదా అని.

నరసన్నపేటలో ఒక ఆసుపత్రి. డాక్టరు తొడకు సూది పొడిచాడు. కొన్ని నిమిషాల్లో గాలి లోపలికి వెళ్లింది. అప్పుడు ఆయన మామ్మను అడిగాడు, ఏం పెట్టారని.

“రొయ్యలన్నీ ఏరీసినాను బాబూ, నా సేత్తోనే.”

“ఇంతకుముందు పెట్టారా?”

“నెలబట్టి అంబట్లో సిటికెడు పొట్టు ఏస్తన్నాను. అలవాటైపోతాదని. సముద్రమ్మీద బతికినోళ్ల గుంటడికి రొయ్య పడకపోతే ఎలాగ?”

మంచం మీద పడుకుని వింటున్న నాకు ప్రాణం దక్కిందన్న సంతోషం కన్నా ముందు ఒళ్లు మండింది. నెలరోజుల నా నోటుబుక్కును మా మామ్మే పాడుచేసింది.

తర్వాత చదువుకుని తెలుసుకున్నది ఇది. రొయ్యలోని ఒక ప్రోటీన్‌ను నా ఒళ్లు శత్రువు అనుకుంటుంది. దాన్ని గుర్తుపట్టే కాపలా కణాలు చర్మంలో, పేగుల్లో, ఊపిరి దారుల్లో ముందే సిద్ధంగా ఉంటాయి. అది తగలగానే వాటిలోని రసాయనాలు ఒక్కసారిగా బయటికొస్తాయి. రక్తనాళాలు కారి చర్మం వాస్తుంది, గాలి దారి ఇరుకవుతుంది, రక్తపోటు పడిపోతుంది. ఆ ప్రోటీన్ ఎండకు చెడదు, మంటకు చెడదు, పులుసులో కరిగి అక్కడే ఉంటుంది. ఎండ్రకాయల్లోనూ అలాంటిదే ఉంటుంది కాబట్టి అవీ పోయాయి. చిటికెడుతో మొదలుపెట్టి ఒంటికి అలవాటు చేసే వైద్యం నిజంగానే ఉందట. కాకపోతే దాన్ని డాక్టర్లు కొలిచి, పక్కనే మందు పెట్టుకుని చేస్తారు, అంబట్లో దొంగతనంగా కలిపి కాదు. మామ్మ పూర్తిగా తప్పు కాదన్న సంగతి నాకు మరింత చిరాకు.

ఆమె మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. ఎలర్జీ అని నేను మొదలుపెడితే చాలు, “పోరా, నీ డాక్టరుకేటి తెల్సు, నాకన్నా ఎక్కువ రొయ్యలు సూసినాడా?” అని చుట్ట పక్కకు తిప్పేది. నేను వాదించేవాణ్ణి, బొమ్మలు గీసి చూపించేవాణ్ణి, గొంతు పెంచేవాణ్ణి. గుండ్రాయిని నీళ్లలో నానబెట్టినట్టే ఉండేది.

అయితే ఆసుపత్రి నుంచి వచ్చాక నా అంబలి కుండ వేరైంది. దానిలో ఎవరూ వేరే గరిటె పెట్టకూడదు. రొయ్యలు ఎండే కాలంలో మామ్మ చేతులు ఎంత కడిగినా వాసన వదలవు. ఆ చేతులతో నన్ను తాకడం మానేసింది. బడికి వెళ్లేముందు నా నుదుటి మీద పడ్డ జుట్టును మోచేత్తో పైకి తోసేది, గరుకైన, ఉప్పు పట్టిన మోచేత్తో, వేళ్లన్నీ గాలిలో దూరంగా ఎత్తిపట్టుకుని. ఎందుకలా అని అడిగితే, “నడు, బడికి ఆలస్యమైపోతాది” అని కసిరేది.

ఇప్పుడు ఆ ఇసక తీరం లేదు, సముద్రం కోసుకుపోయింది. రొయ్యలు ఊరవతల సిమెంటు గచ్చు మీద ఎండుతున్నాయి, గోనెల మీద గెంతే పిల్లలు లేరు, పెంకును యంత్రం తీస్తోంది. మామ్మ పోయి మూడేళ్లయింది. ఉద్యోగానికి వెళ్లేముందు అద్దం దగ్గర జుట్టు నేనే తోసుకుంటున్నాను, వేళ్లతో.