గంధం రంగు లెక్క

కుడి కన్నుకు శుక్లం తీయించుకుని వచ్చిన దగ్గర్నుంచీ మా అత్తగారు లోకాన్ని ఒక్కో కన్నుతో విడివిడిగా చూడడం మొదలుపెట్టారు. ఎడమ కన్ను మూసుకుని వంటింటి గోడ చూస్తారు. తర్వాత కుడి కన్ను మూసుకుని అదే గోడ చూస్తారు. పెదవి విరుస్తారు. వీధిలో కూరల బండి దగ్గరా అదే పని. బండి అతను ఆవిడ కన్ను కొడుతున్నారనుకున్నాడో ఏమో, వంకాయలు రెండెక్కువే వేసి తల దించుకుని వెళ్ళిపోయాడు.

“కొత్త కన్ను పాడు చేశారమ్మాయ్,” అన్నారు నాతో. “అన్నిటికీ నీలిమందు పెట్టినట్టుంది.”

పాడవలేదని డాక్టరు గారు ముందే చెప్పారు. ఇన్నాళ్ళూ శుక్లం పట్టి పచ్చబడిన కంటితో చూశారు కాబట్టి ఇప్పుడు సరిగ్గా కనబడేది నీలంగా తోస్తుందట. నెల తిరిగేలోగా ఎడమ కన్నూ చేయించెయ్యాలి, ముదిరితే కష్టం అన్నారు. అత్తగారు ససేమిరా అన్నారు. రిటైరయ్యేదాకా గర్ల్స్ హైస్కూల్లో కుట్టు టీచరు ఆవిడ. దారపు చుట్ట చేతిలోకి తీసుకుని, ఇది చిలకాకుపచ్చ కాదు, దానికి రవంత ఇటుగా ఉన్నది అనగలిగిన మనిషి. అలాంటావిడకి రంగులు తప్పుగా కనిపిస్తున్నాయంటే నమ్మించడం ఎవరి తరం?

“అమ్మా, డాక్టరు గారు చెప్పారు కదా,” అన్నారు మా ఆయన.

“ఆయన నా కళ్ళతో చూశాడా? ఒకటి పోగొట్టుకున్నది చాలు. రెండోది ఇవ్వను.”

మా ఆయన టీవీ ముందుకి వెళ్ళిపోయారు. నాకు మాత్రం భయంగానే ఉండేది. కోటగుమ్మం దగ్గర రోడ్డు దాటుతుంటే ఎడమ పక్కనుంచి వచ్చిన ఆటోని ఆవిడ చూడనే లేదు. నేను చెయ్యి పట్టి లాగకపోతే ఏమయ్యేదో.

నేను రాజమండ్రిలో ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ పని చేస్తాను. అప్పట్లో నా పని చీరల ఫొటోలు. ఆన్‌లైన్లో కొన్నవాళ్ళు తెరమీద చూసిన రంగు వేరు, వచ్చిన చీర రంగు వేరు అని తిప్పి పంపకుండా ఆ రంగుల్ని సరిచేసే ప్రోగ్రాం రాస్తున్నాను. కంప్యూటర్‌కి తెలిసిన రంగులు మూడే: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. మిగతావన్నీ వాటి పాళ్ళు. ఎరుపూ ఆకుపచ్చా నిండుగా కలిపి పసుపు చేస్తానని చెబితే మా అత్తగారు నన్ను జాలిగా చూశారు.

“బురద వస్తుంది,” అన్నారు.

“ఇది పెయింటు కాదండీ, వెలుగు.”

“ఏదైనా సరే, అలా మాట్లాడేవాళ్ళెవరమ్మా? కొట్టుకెళ్ళి, రెండు పాళ్ళు ఎరుపు, పాతిక నీలం చూపించు బాబూ అంటామా?”

అనం. ఏ రంగు, ఎంత చిక్కన, ఎంత వెలుగు అని మాట్లాడతాం. అందుకే ఆ మూడు పాళ్ళనీ హ్యూ, సాచురేషన్, వాల్యూ అనే ఇంకో మూడింటిలోకి మార్చే లెక్క ఒకటుంది. హ్యూ అంటే ఏ రంగో, సాచురేషన్ అంటే దాని చిక్కదనం, వాల్యూ అంటే వెలుగు. ఆ లెక్కే రోజంతా రాస్తూ కూర్చుంటే ఒక ఆలోచన వచ్చింది. ఆవిడ రెండు కళ్ళకీ మధ్య ఇలాంటి లెక్కే కట్టి చూపిస్తే? ఏ కన్ను ఎంత పసుపు కలుపుతోందో తెరమీద కళ్ళారా చూస్తే రెండో ఆపరేషన్‌కి ఒప్పుకుంటారేమో.

ఇక్కడ చీరల సంగతి కొంచెం చెప్పాలి. మామగారు పోయిన పదకొండో రోజున ఆయన అక్కగారు ఒక తెల్లచీర తెచ్చి మంచం మీద పెట్టారు. అత్తగారు దాన్ని ముట్టుకోలేదు. “తెలుపు నేను కట్టనండి వదినగారూ,” అన్నారు. గదిలో పెద్దవాళ్ళ మధ్య చాలాసేపు మాటలు నడిచాయి. బయటికి వచ్చేసరికి గంధం రంగు దగ్గర రాజీ కుదిరింది. అప్పటినుంచీ తాడితోట బట్టల కొట్లకి వెళ్ళి లేత గంధం రంగు చీరలే ఏరి తెచ్చుకునేవారు. అయితే ఈ నాలుగైదేళ్ళుగా ఆవిడ తెచ్చుకుంటున్నవి గంధం కావు, అచ్చం తెల్లవి. చివరికి ఆవిడే సర్దుకుపోయారనుకున్నాం. అడిగితే నొచ్చుకుంటుందని మా ఆయన నన్ను అడగనివ్వలేదు. ఆ తెల్లచీరలు మడత పెడుతుంటే నాకు కోపం వచ్చేది, ఎవరిమీదో తెలియని కోపం.

ఓ మధ్యాహ్నం లాప్‌టాప్ తెరమీద రెండు గడులు పెట్టాను. పాత క్యాలెండరు అట్ట ఒకటి తెరకీ ఆవిడ ముక్కుకీ మధ్య నిలబెట్టాను. ఎడమ కంటికి ఎడమ గడే, కుడి కంటికి కుడి గడే కనబడాలని. ఎడమ గడిలో నేనొక రంగు పెడతాను. ఆవిడ కుడి గడిని జరిపి జరిపి రెండూ ఒకటిగా కనబడేలా చెయ్యాలి. కింద జరపడానికి మూడు స్లైడర్లు: రంగుకొకటి, చిక్కదనానికొకటి, వెలుగుకొకటి.

“ముక్కు ఒరుసుకుపోతోంది,” అంటూనే ఆవిడ పనిలో పడిపోయారు. చిక్కదనం తగ్గించారు, తగ్గించారు, ఆఖరిదాకా తగ్గించేసరికి గడి తెల్లగా అయిపోయింది. మళ్ళీ పెంచారు. పసుపు రావలసింది పోయి లేత ఎరుపు వచ్చింది.

“ఇదేంటమ్మాయ్? తెలుపు చేసి వెనక్కి తెస్తే ఎర్రగా అయింది?”

తప్పు నా ప్రోగ్రాందే. నేను దాచుకునేది ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళనే. వాటినుంచే ప్రతిసారీ హ్యూని లెక్కకడతాను. పాళ్ళలో పెద్దదానికీ చిన్నదానికీ ఉన్న తేడాతో భాగించాలి. తెలుపులో మూడూ సమానం, తేడా సున్నా. సున్నాతో భాగించలేం కాబట్టి హ్యూ సున్నా అని రాసేస్తాం. హ్యూల వరసలో సున్నా అంటే ఎరుపు. ఇదంతా ఆవిడకి నాకు చేతనైనట్టు చెప్పాను.

“అంటే తెల్లబడితే ముందున్న రంగేదో మర్చిపోతుందా?”

“మర్చిపోతుందండి.”

“మరి దాన్ని విడిగా ఎక్కడైనా గుర్తుపెట్టుకోరాదూ?”

అదే దానికి మందు. ఎవరు రాసినా చివరికి అలాగే రాస్తారు. తెలుపయ్యే ముందున్న హ్యూని పక్కన దాచుకునేలా రెండు లైన్లు కలిపాను.

మర్నాడు అదే వేళకి మళ్ళీ కూర్చున్నాం. ఈసారి ఎడమ గడిలో తెలుపు పెట్టాను. కుడి గడిలో ఏదో పసుపు. పాత కన్ను తెలుపుని ఎలా చూస్తోందో తెలుసుకోవాలని, అంతే. ఆవిడ చీర మాట నాకప్పుడు తోచనే లేదు. ఆవిడ ఓపిగ్గా స్లైడర్లు అటూ ఇటూ జరిపి, చెయ్యి తీసేశారు.

“ఇప్పుడు రెండూ ఒకటే. రెండూ నా చీర రంగే. గంధం.”

కుడి గడిలో ఉన్నది నిజంగానే గంధం రంగు. ఎడమ గడిలో ఉన్నది తెలుపు. అట్ట తియ్యకుండా ఉంటే బాగుండుననిపించింది, కానీ ఆవిడే తీసేశారు. ఎడమ కన్ను మూసుకుని కొత్త కన్నుతో తెర కేసి చూశారు. తర్వాత కొంగు పట్టుకుని ఎడమ గడి పక్కన పెట్టి చూశారు.

“ఇది తెలుపు,” అన్నారు.

“అవునండి.”

“ఎన్నాళ్ళనుంచి?”

“నాలుగైదేళ్ళనుంచండి.”

“కొట్లో నన్ను చూడగానే ముందు తెల్లవే పరుస్తారు. వాటిల్లో గంధంగా కనబడినవి తీసుకునేదాన్ని.” కొంగు వదిలేశారు. “మీ అందరికీ తెలుసు.”

“మీరే మార్చుకున్నారనుకున్నామండి.”

“అంటే, నేను మా వదినగారికి లొంగిపోయాననుకున్నారు.”

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు.

“కట్టు విప్పిన రోజునే చూశానమ్మాయ్. ఒళ్ళోకి చూసుకుంటే చీర తెల్లగా ఉంది. కన్ను పాడయిందనుకున్నాను. పాడయితేనే బాగుణ్ణనుకున్నాను. రెండోది కూడా చేయిస్తే, ఇక అది గంధం అని చెప్పడానికి నాకు కన్నేదీ మిగలదు.”

ఇన్నాళ్ళూ మేం మొండితనం అనుకున్నది ఇది.

ఆవిడ మళ్ళీ లాప్‌టాప్ దగ్గరికి జరిగారు. ఎడమ కన్ను మూసే ఉంచి, కుడి గడి చిక్కదనాన్ని పూర్తిగా తగ్గించి తెలుపు చేశారు. మెల్లిగా పెంచారు. ఎరుపు రాలేదు. గంధమే వచ్చింది.

“గుర్తుంచుకుంది,” అన్నారు.

అక్కడ ఆగుతారనుకున్నాను. ఆగలేదు. స్లైడరు జరుపుతూనే ఉన్నారు. గంధం దాటి, లేత పసుపు దాటి, కడియం తోటల నుంచి బుట్టల్లో వచ్చే పచ్చ చామంతి రంగు దాకా తీసుకెళ్ళి వేలు తీశారు.

“గంధం దాటి వచ్చేశారండీ,” అన్నాను.

“గంధం నేను అడిగింది కాదమ్మాయ్. వాళ్ళు ఒప్పుకున్నది.” తెర కేసే చూస్తూ అన్నారు. “డాక్టరు గారికి ఫోన్ చెయ్యి.”

ఆపరేషన్‌కి ముందు వారం ఇద్దరం తాడితోట వెళ్ళాం. కొట్టతను అలవాటు ప్రకారం తెల్లవే పరిచాడు. “ఇవి మడిచెయ్యి నాయనా, పైవరసలోవి దించు,” అన్నారు ఆవిడ. ఎడమ కన్ను మూసుకుని, పచ్చ చామంతి రంగు చీర ఒకటి తీసుకున్నారు. కన్ను కొట్టారనుకున్నాడేమో, అతనూ తడబడ్డాడు.

రెండో కంటి కట్టు విప్పిన రోజున ఆ చీరే కట్టుకొచ్చారు. డాక్టరు గారు చెయ్యెత్తి, ఎన్ని వేళ్ళు అని అడిగారు. ఆవిడ ఆయన వేళ్ళ కేసి చూడలేదు. ఒళ్ళోకి చూసుకున్నారు. ఒక కన్ను మూశారు, తెరిచారు. రెండోది మూశారు, తెరిచారు.

“రెంటికీ చామంతే,” అన్నారు నాతో.