బాల్కనీలో జొన్న మొలక

2023 వేసవి. అప్పటికి నేను తిరుపతిలో పెంపుడు జంతువుల క్లినిక్ తెరిచి కొన్నేళ్లయింది. అంతకు ముందు పలమనేరు వైపు పాడి ఆవులకు వైద్యం చేసేదాన్ని. చూడి పరీక్షకని ఆవు లోపలికి భుజం దాకా చెయ్యి పెట్టిన మనిషిని నేను. అరచేతిలో ఇమిడే గినీ పిగ్ నోరు తెరిచి పళ్లు చూడడం అలవాటయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

గినీ పిగ్ అంటే ఎలుక జాతిదే. తోక ఉండదు, పిల్లి పిల్లంత ఉంటుంది, పరమ సాధువు. కుక్కపిల్ల కావాలని మారాం చేసే పిల్లల్ని దీంతో సరిపెట్టుకోమంటారు అపార్ట్‌మెంట్ తల్లిదండ్రులు. నాలుగో తరగతి చదివే హాసినికి అలా రెండు దొరికాయి. పేర్లు లడ్డు, బూందీ. మా ఊళ్లో అంతకంటే వేరే పేర్లు పెడితే ఆశ్చర్యపోవాలి.

మొదటిసారి లడ్డును తెచ్చింది హాసిని, వాళ్లమ్మ శైలజ, తాత మునిరత్నం. ఆయన పలమనేరు దగ్గర పొలం కౌలుకిచ్చి కూతురింటికి వచ్చేసిన రైతు. నా టేబుల్ మీదికి వంగి చూసి, "ఎలకలకు గూడా ఆస్పత్రులుండాయా తల్లీ?" అన్నాడు.

"ఎలకలు కాదు తాతా!" అని మనవరాలు కసిరింది. ఆయన నవ్వుకున్నాడు.

లడ్డు వెనక కాళ్లు ఈడుస్తోంది, మేత ముట్టడం లేదు. అది స్కర్వీ, అంటే విటమిన్ సి లోపం. ఎలుకలు, కుందేళ్లు ఆ విటమిన్‌ను ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. గినీ పిగ్‌కు మనలాగే ఆ శక్తి లేదు. వీళ్లేమో సంచిలో దొరికే ఎండు పెల్లెట్లు, అంటే మేత గుళికలు మాత్రమే పెడుతున్నారు. చుక్కల మందు ఇచ్చి, రోజూ పచ్చి ఆకు పెట్టమన్నాను. మార్కెట్ ఆకు మీద ఏ మందు కొట్టారో మనకు తెలియదు. అందుకే ఇంట్లోనే ట్రేలలో కొత్తిమీర, మెంతి, గోధుమ గడ్డి వేసుకోమన్నాను.

ఆ మాటకు మునిరత్నం ముఖం విప్పారింది. "ఇత్తనం సల్లేదానికి ఇంత జాగా దొరికితే సాలు తల్లీ. ఈ ఊరికొచ్చినప్పట్నించి చేతులు ఊరికే పడుండాయి" అన్నాడు.

మళ్లీ వచ్చేసరికి లడ్డు బొద్దుగా తయారై, సంచి చప్పుడు వినగానే కీచుమని గోల చేస్తోంది. నాకూ ఒక కొత్తిమీర కట్ట తెచ్చాడాయన. తాతా మనవరాలూ కలిసి నీళ్లు పోస్తారనీ, ఎవరి ట్రే ముందు మొలుస్తుందో పందెం కడతారనీ శైలజ చెప్పింది. చిన్న ప్రాణి కోలుకున్నదాని కంటే ఆ పెద్దాయన కోలుకోవడం చూస్తే నాకు ఎక్కువ సంతోషం వేసింది.

మే నెల ముగుస్తుండగా ఒక మధ్యాహ్నం ముగ్గురూ పరుగున వచ్చారు. బుట్టలో లడ్డు ఎగశ్వాస పడుతోంది. ఒళ్లంతా అదురుతోంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు మామూలుకన్నా బాగా ఎర్రగా ఉన్నాయి. అలాంటి చిగుళ్లు నేను పలమనేరులో ఆవులకు చూశాను. హాసినిని బూందీతో బయట బెంచీ మీద కూర్చోబెట్టి, "ఏం తినింది?" అన్నాను.

"గడ్డే తల్లీ. పొద్దున కోసి పెట్టినా."

"గోధుమ గడ్డేనా?"

"అంగట్లో తెచ్చిన గోదుమలు మొలవలా, బూజు పట్టినాయి. ఊర్నించి మా జొన్నలు తెప్పించి సల్లినా. ఎంత బాగా లేసిందో, బెత్తెడు పైరు!"

సయనైడ్. దానికి విరుగుడు థయోసల్ఫేట్ ఇంజెక్షన్. ఆవుకు సీసాలతో ఎక్కించేదాన్ని, లడ్డుకు చుక్కల్లో కొలవాలి. సూది గుచ్చాను గానీ, లోపలికి మందు పోయేలోపే నా చేతిలో ప్రాణం పోయింది. బూందీ ఆ పూట క్యాప్సికం ముక్కతో కడుపు నింపుకుని గడ్డి ముట్టలేదు. బతికింది.

ఎండకు గిడసబారిన జొన్న పైరులో పుట్టే ఈ సయనైడ్ విషాన్నే మావైపు నాము అంటారు. అది మేసిన పశువు నిలువునా కూలిపోతుంది. ఆవుల్ని సాకిన మునిరత్నానికి ఆ సంగతి నేను చెప్పనక్కర్లేదు. ఆయన నమ్మలేనట్టు నన్నే చూశాడు.

"నాము ఎండిన చేన్లో గదమ్మా ఉండేది? నేను పూటపూటకూ నీళ్లు పోసినానే! నీడలో పెంచినానే!"

ఆయనకు తెలిసింది తప్పు కాదు, సగం మాత్రమే. ఎన్ని నీళ్లు పోసినా లేత జొన్న మొలకలో ఆ విషం ఉంటుంది. బెత్తెడు పైరు మీదికి ఏ రైతూ ఆవును వదలడు గనక, జీవితమంతా సేద్యం చేసినా ఆయనకది కళ్లబడే సందర్భమే రాలేదు. ఇదంతా చెబుతుంటే నా నోరే నాకు చేదుగా అనిపించింది.

శైలజ గొంతు తగ్గించింది. "హాసినికి ఎండదెబ్బ అని చెప్పండి మేడమ్. నాయన వల్లే అని తెలిస్తే అది తట్టుకోలేదు."

నాకూ అదే మంచిదనిపించింది. మునిరత్నం ఒప్పుకోలేదు. "వద్దమ్మా. ఎండ అనుకుంటే, ఎప్పుడో ఒకప్పుడు నేను సల్లినట్టే తనూ జొన్నలు సల్లి బూందీకి పెడ్తాది. నేనే సెప్తా."

తలుపు తీసుకుని వెళ్లి మనవరాలి పక్కన కూర్చున్నాడు. "లడ్డు పోయింది పాపా. నేను పెట్టిన గడ్డి వల్లనే పోయింది. అందులో ఇషముంటాదని నాకు తెలీలా" అన్నాడు. పాప గట్టిగా ఏడవలేదు. బూందీని గుండెకు హత్తుకుని బెంచీ ఆ చివరికి జరిగింది. ఆయన వెంట జరగలేదు. ఇన్నేళ్ల వృత్తిలో చాలా చావులు చూశాను గానీ, నన్ను ఇంత బాధ పెట్టింది లేదు.

ఇప్పుడు ఎవరికైనా పచ్చి ఆకు రాసిచ్చేటప్పుడు, ఏం వేయాలో చెప్పే ముందు ఏం వేయకూడదో చెబుతాను. ఇంట్లో ఏ గింజలున్నాయో అడుగుతాను. మనిషి కొత్త పనిలో చెయ్యి పెట్టినప్పుడు తనకు బాగా తెలిసినదాన్నే తెచ్చి అందులో కలుపుతాడని లడ్డు చావుతో నాకు తెలిసింది.

ఆరేడు నెలల తర్వాత బూందీ గోళ్లు కత్తిరించడానికి శైలజ వచ్చింది. నాయన పలమనేరు వెళ్లిపోయాడని చెప్పింది. పాప కోపం వారం కూడా నిలవలేదట, తనే ట్రేలు వేస్తోందట. కోసే ముందు తాతకు వీడియో కాల్ చేసి చూపిస్తుందట, బూందీకి పెట్టొచ్చా అని. అది ఉత్త కొత్తిమీర. మడులు మడులుగా పండించిన మనిషి దాన్ని చూసి, "డాక్టరమ్మనడుగు పాపా" అని ఫోన్ పెట్టేస్తాడట.

హాసిని నాకు ఫోన్ చేస్తూనే ఉంటుంది. పెట్టమ్మా, ఏం కాదు అంటాను. ఆ మాట ఆయన నోటి నుంచి రావాల్సింది.