కొత్త బొడ్డుకు పాత వైద్యం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ప్లాస్టిక్ సర్జరీ వార్డులో నేను హెడ్ నర్సుని. మా వార్డంటే సినిమావాళ్ళ ముక్కులు సరిచేసే చోటు అనుకుంటారు చాలామంది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఒళ్ళు కాలినవాళ్ళు, యంత్రాల్లో వేళ్ళు నలిగినవాళ్ళు. బొడ్డు కోసం వచ్చిన మనిషిని మాత్రం అప్పుడే మొదటిసారి చూశాను.

పేరు సుజాత. సత్తెనపల్లి దగ్గరి పల్లె, మిరపకోతల కూలీ. హెర్నియా ముదిరి వేరేచోట ఆపరేషన్ చేసినప్పుడు బొడ్డు కూడా తీసేయాల్సి వచ్చిందట. కడుపు మీద ఒక గీత మిగిలింది, అంతే.

"చీర కడితే కనపడదు కదమ్మా, మళ్ళీ కోయించుకోవడం ఎందుకు?" అన్నాను. నా నోటి దురుసు అలాంటిది.

"కాయ కోశాక ఒళ్ళంతా మంటండీ. ఆడోళ్ళందరూ చేలో మోటారు కాడే నీళ్ళు పోసుకుంటారు. బొడ్డు లేని మనిషేందే అని ఒకరోజు నవ్వారు. అప్పట్నుంచి నేను పోసుకోవట్లా. ఇంటికి మూడు కిలోమీటర్లు, ఆ మంటతోనే నడుస్తన్నా."

కేసు షీటు తీసుకుని నేనే ఆమెను సర్జన్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను.

బొడ్డును మళ్ళీ తయారుచేసే ఆపరేషన్‌ని అంబిలికోప్లాస్టీ అంటారు. అక్కడి చర్మాన్నే చిన్న నాలుకల్లా కోసి, లోపలికి మడిచి, అడుగున ఉన్న గట్టి పొరకు కుట్టేస్తారు. ఆ నాలుకలే ఫ్లాప్‌లు. గుంట పూడిపోకుండా మందు రాసిన గుడ్డ ఉండను అందులో కూరుస్తాం, దాని పేరు బోల్‌స్టర్. రక్తం అందినంతకాలం ఫ్లాప్ గులాబీ రంగులో ఉంటుంది. నల్లబడితే చచ్చిపోయినట్టే. అలా జరిగితే మళ్ళీ చేయడానికి ఆమె కడుపు మీద పనికొచ్చే చర్మం లేదని సర్జన్ గారు ముందే చెప్పారు.

ఆపరేషన్ అయిన వారానికి బోల్‌స్టర్ తీస్తే గుంట ముచ్చటగా ఉంది. సుజాత అత్త మరియమ్మ ఊళ్ళో ఎన్నో కాన్పులు చేసిన మనిషి. వంగి చూసి, "బాగా కుదిరింది" అని సర్టిఫికెట్ ఇచ్చేసింది. డిశ్చార్జి కాగితం అంతా చదివి వినిపించే ఓపిక ఆ పూట నాకు లేదు.

"పసిబిడ్డ బొడ్డులా చూసుకోండి, మరియమ్మగారూ" అన్నాను.

"అది నాకు నువ్వు చెప్పాలా అమ్మా!" అంది.

నాలుగు రోజుల తర్వాత కుట్లు తీయించుకోవడానికి వచ్చారు. కట్టు విప్పాను. గుంటంతా నల్లగా నిగనిగలాడుతోంది. సుజాత బొడ్డు వైపు చూడలేదు, నా మొహమే చూస్తోంది.

"పోయిందా మేడం?"

సర్జన్ గారికి కబురు పంపి, సెలైన్‌లో తడిపిన దూదితో మెల్లగా తుడిచాను. దూది నల్లబడింది. ఇంకో దూది తీసుకున్నాను. అడుగున గులాబీ రంగు కనపడింది! వేలితో అదిమితే తెల్లబడి, వదలగానే మళ్ళీ ఎర్రబడింది. రక్తం ఆడుతోంది.

"ఏం రాశారు దీనికి?" అని అరిచాను.

మరియమ్మ తొణకలేదు. "బొడ్డూడిన బిడ్డకి ఏం రాస్తాం? ఆవదంలో దీపం మసి కలిపి రాశా. పసిబిడ్డ బొడ్డని నువ్వేగా అంది!"

సర్జన్ గారు వచ్చి చూసి, మరో వారం యాంటీబయాటిక్ రాసి, చీవాట్లు మాత్రం నాకే పెట్టారు. అవి నాకు రావలసినవే. అదృష్టం బాగుండి చీము పట్టలేదు. అప్పట్నుంచి ఎవరిని ఇంటికి పంపినా, జాగ్రత్తలు చెప్పే ముందు ఒక మాట అడుగుతాను: "మీ ఇంట్లో ఇలాంటి పుండుకి ఏం రాస్తారు?" వాళ్ళు చెప్పింది విన్నాకే నేను నోరు విప్పుతాను.

మరుసటి ఏడు కోతలప్పుడు ఒక సాయంత్రం సుజాత ఫోన్ చేసింది. వెనకాల మోటారు చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు.

"మేడం, ఇయ్యాల ఇక్కడే నీళ్ళు పోసుకున్నా" అంది. "ఒళ్ళంతా చల్లగా ఉందండీ."