విత్తనపు మడికి ఇంకొక్క ఎండ

ఇవాళ పొద్దున్న పదిన్నరకి నా ఫోను ఇల్లంటుకున్నట్టు మోగింది. ఎవరైనా పిలిస్తే మోగే మోత కాదు, ఈమధ్య వచ్చిన ఆ కొత్త రకం హెచ్చరిక కూత. కృష్ణా జిల్లాలో రానున్న మూడు గంటల్లో పిడుగులతో కూడిన భారీ వర్షం, చెట్ల కింద నిలబడవద్దు అని. ఉప్పులో ఊరిన ఉసిరికాయలు డాబా మీద ఎండకి పెట్టి ఉన్నాయి. అరవై మూడేళ్ళ మోకాళ్ళతో పైకెక్కి, పళ్ళేలన్నీ ఒక్కదాన్నే కిందికి దింపి, ఆయాసం తీర్చుకుంటూ తలెత్తితే బందరు ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. గంటసేపు చూశాను. చుక్క పడలేదు. పళ్ళేలు మళ్ళీ పైకి మోశాను. ఆ సందేశం పంపినవాళ్ళెవరో ఎదురుగా దొరికితే ఆ మెట్లు వాళ్ళచేత నాలుగుసార్లు ఎక్కించి దింపేదాన్ని.

అసలు కృష్ణా జిల్లా అంటే ఏమిటని వీళ్ళ ఉద్దేశం? ముప్పై ఏళ్ళు ఈ ఊరి బళ్ళో పిల్లలకి భూగోళం చెప్పినదాన్ని అడుగుతున్నాను. జిల్లా అనేది కాగితం మీద గీసిన గీత. వానకి ఆ గీతతో పనేమిటి? బందర్లో మధ్యాహ్నం దాటితే సముద్రం మీంచి గాలి తిరుగుతుంది. ఆ గాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టి రాలతాయి గాని సాయంత్రానికి ఒళ్ళు చల్లబడుతుంది. మా అక్కయ్య ఉండే గుడివాడలో ఆ భాగ్యం లేదు. అక్కడ ఎండ వీధుల్లోనే కూర్చుంటుంది, వాన పడితే ఆ నీళ్ళూ అక్కడే కూర్చుంటాయి. "మీ బందరు ఎండ కూడా ఒక ఎండేనా" అని ఆవిడ ఏటా దెప్పుతుంది. ఎండైనా వానైనా ఆవిడకి మాకంటే ఒక వీసం ఎక్కువే కొట్టాలి. ఇక దివిసీమది వేరే లోకం. కృష్ణ రెండు పాయలుగా చీలి ఆ నేలని మధ్యలో పెట్టుకుంది, కింద సముద్రం. అక్కడ పొలంలో పడ్డ నీళ్ళు ఎప్పుడు బయటికి పోవాలో సముద్రపు పోటు చెప్పాలి. ఈ మూడింటికీ కలిపి ఒకటే కూత!

ఆ దివిసీమలో మా మావయ్య ఉన్నాడు. మా అమ్మ తమ్ముడు, ఎనభై దాటినవాడు. మిగతా పొలంలో అందరిలాగే కొట్లో కొన్న విత్తనం వేసినా, ఇంటి వెనక ఇరవై సెంట్ల మడిలో మాత్రం మా అమ్మమ్మ నాటి నుంచి వస్తున్న వడ్లే వేసేవాడు. వాటికి పేరంటూ లేదు, మేము అమ్మమ్మ వడ్లనే అనేవాళ్ళం. పొట్టి గింజ, మొన మీద చిన్న ముల్లు, పొట్టు కాస్త ఎరుపు. పండేది తక్కువే. కాని నేల మీద ఉప్పు తేలిన ఏడు చుట్టూ చేలన్నీ మాడిపోతే ఆ మడి ఒక్కటీ పచ్చగా నిలబడేది. దానిలోకి కోత మిషన్ని అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. "దాని కడుపులో ఊరందరి వడ్లూ ఉంటాయమ్మాయ్, విత్తనం కల్తీ అయిపోద్ది" అనేవాడు. కొడవళ్ళతో కోయించి, పనలు మడిలోనే పరిచి, ఆరాక కుప్ప వేయించేవాడు. ఇందులో ఒక చిక్కుంది. పచ్చి పనలు కుప్ప వేస్తే లోపల వేడెక్కి ముక్కిపోతాయి, విత్తనం చచ్చిపోతుంది. ఆరనిద్దామని ఉంచితే నెత్తిన వాన పడుతుంది. ఎన్ని ఎండలు చాలో తేల్చుకోవడమే అందులో విద్య. మావయ్య వాకిట్లో నిలబడి గాలి వాలు చూసేవాడు, రేపు కుప్ప అనేవాడు. అంతే, రేపే కుప్ప. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదంటారు కదా, "రెండోది తెలీదు గాని మొదటిది నన్నడుగు" అని మీసం దువ్వుకునేవాడు.

రెండేళ్ళ కిందట కోతల్లో ఆయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"అమ్మాయ్, మీ బందర్లో ఎట్టా ఉంది?"

"నిప్పులు చెరుగుతోంది మావయ్యా."

"మడి కోసి మూడు రోజులైంది. రేపు మనుషులొస్తామన్నారు. కుప్పేయించనా, ఇంకో ఎండ తగలనివ్వనా?"

నా జన్మలో ఆయన నన్ను వాన గురించి అడగడం అదే మొదలు. నాకు ఒళ్ళు పొంగిపోయింది. ఆ పొంగులో అరగంట ముందు అక్కయ్య చేసిన ఫోను లెక్కలోకి రాలేదు. "ఒసేయ్, ఇక్కడ కుండపోతగా కురుస్తోంది, వీధిలో మోకాటి లోతు నీళ్ళు" అంది. ఆవిడ మోకాటి లోతంటే పాదాలు తడిశాయన్న మాట అనుకున్నాను. నా పాఠం నాకుంది. ఈ కోతల రోజుల్లో వాన సముద్రం మీంచి రావాలి, వస్తే ముందు బందరు తడవాలి. బందరు పొడిగా ఉందంటే గుడివాడలో కురిసింది దారి తప్పిన మబ్బేదో. ఫోనులో కూడా చూశాను. నవ్వుతున్న సూర్యుడి బొమ్మ ఉంది. ఇంకేం కావాలి?

"ఇంకొక్క ఎండ తగలనీ మావయ్యా. విత్తనం కదా, తొందరపడకు."

"అంతేనంటావా?"

"అంతే."

మనుషుల్ని ఎల్లుండి రమ్మన్నాడు. మర్నాడు మధ్యాహ్నం దివిసీమ మీద రెండు గంటలపాటు తెరిపివ్వకుండా కొట్టింది. ఆ పైన సముద్రం పోటు మీద ఉండి మురుగు కాలవ వెనక్కి తన్నింది. నీళ్ళు మడి వదల్లేదు. ఆ రెండు గంటలూ నా డాబా మీద దుప్పట్లు ఫెళఫెళలాడుతూ ఆరాయి. మూడో రోజున బస్సెక్కాను. కృష్ణ వంతెన దాటేదాకా కిటికీలోంచి మొహం మీద దుమ్ము కొట్టింది. దాటి కొంత దూరం పోయేసరికి చేలన్నీ చెరువులు.

మావయ్య పిక్కల్లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. తడిసిన పనలు గట్టు మీదికి తెచ్చిపెట్టి, బకెట్లో ఉప్పు కలిపి చెంబుతో చల్లుతున్నాడు. మొలకెత్తకుండా మా వైపు అలా చల్లుతారు. కాని అప్పటికే ప్రతి కంకికీ తెల్లటి మొలకలు. కొన్నిటికి కొసన పచ్చదనం కూడా తిరిగింది. ఉప్పు నేలలో ఇన్నేళ్ళు చావని విత్తనం ఒక్క ఎండ కోసం ఆగి చచ్చింది. నా మీద నాకు పుట్టిన కోపం పట్టలేక ఆయన మీద పడ్డాను.

"ఇన్నేళ్ళూ నీ వాకిట్లో నిలబడి నువ్వే చెప్పేవాడివి కదా, నన్నెందుకడిగావు? అడిగావే అనుకో, నా మాట ఎందుకు విన్నావు?"

ఆయన ఇంకో చెంబు చల్లాడు. "కాళ్ళు కడుక్కోమ్మా, అన్నం తిందూగాని" అన్నాడు. అంతే. మళ్ళీ బకెట్లో చెంబు ముంచాడు.

ఇంటికొస్తూ గుర్తొచ్చింది. ముందటి ఏడు పిచ్చుకల కోసమని ఆయన అవే కంకులతో అల్లిన కుచ్చు నా వరండాలో వేలాడుతోంది. చెప్పులు కూడా విప్పకుండా ముక్కాలిపీట ఎక్కి చూశాను. గడ్డి మిగిలింది. ఒక్క గింజ లేదు. ఆ పూట పిచ్చుకల్ని నేను తిట్టిన తిట్లు విని పక్కింటావిడ వచ్చి ఎవరితో గొడవండీ అని అడిగింది.

ఈ రెండేళ్ళూ ఆయన జవాబివ్వలేదన్నది నాకు గుచ్చుకుంటూనే ఉంది. చదువుకున్నదన్న మర్యాద కొద్దీ నా మాట విన్నాడని, ఆ మర్యాదే కొంప ముంచిందని, తలుచుకున్నప్పుడల్లా ఆయన మీద మండిపడుతూనే ఉన్నాను.

ఇవాళ పళ్ళేలు రెండోసారి పైకి చేర్చి కూర్చున్నానో లేదో ఫోను మళ్ళీ మోగింది. ఈసారి మావయ్యే. వెనక మడిలో కూడా ఇప్పుడు కొట్లో విత్తనమే, ఎల్లుండి మిషన్ వస్తుందట.

"అమ్మాయ్, మీ బందర్లో ఎట్టా ఉంది?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నన్నడక్కు మావయ్యా. నీ వాకిట్లోకి వెళ్ళి నువ్వే చూసుకో."



"వాకిట్లోనే ఉన్నానమ్మాయ్. పొద్దుట్నుంచీ గాలి చూస్తన్నా. తెలీటం లేదు."

"ఎప్పట్నించి?"

"నాలుగైదేళ్ళయింది. ఎవరితో అనను?"

డాబా మీద ఎండ అలాగే ఉంది. ఇక్కడ ఎండగా ఉంది, అక్కడి సంగతి నాకు తెలియదు మావయ్యా అని ఉన్నదున్నట్టు చెప్పాను. సరేనమ్మా అని పెట్టేశాడు. గాలీ వానా తీరు మారిపోయి, ఒక్క వాకిట్లో నిలబడి ఎనభై ఏళ్ళు నేర్చుకున్నది ఆ మనిషి బతికుండగానే చెల్లకుండా పోయింది. రెండేళ్ళనుంచీ నేను కోప్పడుతున్నది మాత్రం ఆయన మీద.